ఊఁ కొట్టిన గది

ఆ నెట్‌వర్క్ పెట్టింది నేనే. ఎవరో వచ్చి మా ఇంట్లో దొంగచాటుగా ఏదో బిగించి పోయి ఉంటే, తిట్టుకోవడానికి కనీసం ఒక మనిషి దొరికేవాడు. నాకు ఆ భాగ్యం కూడా లేదు. స్టూలెక్కి, చీర కుచ్చిళ్ళు దోపుకుని, మూడు కంప్యూటర్లనూ ఒకదానితో ఒకటి కలిపింది నా చేతులే.

నా పేరు హైమావతి. కాకినాడలో ఒక పాలిటెక్నిక్‌లో పద్దెనిమిదేళ్ళుగా హార్డ్‌వేర్ పాఠాలు చెబుతున్నాను. నాకు కోపమెక్కువ అని నా విద్యార్థులు అంటారు, నిజమే. మా ఆయన త్రినాథ్ ఊరి చివర ఒక ప్రైవేటు యూనివర్సిటీలో పరిశోధకుడు. పక్షవాతం వచ్చి మాట పడిపోయినవాళ్ళ చేత మళ్ళీ మాట్లాడించడం ఎలాగన్నది ఆయన పని. ఆయనకు కోపం రాదు. పదకొండేళ్ళ కాపురంలో ఒక్కసారి కూడా నా మీద విసుక్కోలేదు. మొన్నమొన్నటి దాకా అది నా అదృష్టమనే అనుకున్నాను.

జూన్‌లో ఒక ఆదివారం ఇడ్లీలు తింటూ అడిగారు, ఇంట్లో పాత కంప్యూటర్లు మూడున్నాయి కదా, వాటిని వైరు లేకుండా కలపగలవా అని. రూటర్ వద్దన్నారు. ఇంటర్నెట్ అసలే వద్దన్నారు, ల్యాబ్ ఫైళ్ళు బయటికి పోకూడదట. మూడూ వాటిలో అవే మాట్లాడుకోవాలి, అంతే. బజారు నుంచి మనిషిని పిలిపిద్దామా అని నేను అనేలోపే, నీ అంత శుభ్రంగా ఎవడు పెడతాడు హైమా అన్నారు. ఆ ఒక్క మాటకి పడిపోయాను.

పెట్టడం పెద్ద విద్యేం కాదు. నా రెండో సంవత్సరం పిల్లలకు అదే మొదటి ప్రాక్టికల్. మూడింటికీ వైర్‌లెస్ కార్డులు తగిలించాలి. మూడింటికీ ఒకే నెట్‌వర్క్ పేరు, ఒకే ఛానెల్, ఒకే పాస్‌వర్డ్ ఇవ్వాలి. వీధిలో ఇళ్ళకు వేసినట్టు ఒకటి, రెండు, మూడు అని నంబర్లు వేయాలి. ఆ తర్వాత ఒకటో మిషను దగ్గర కూర్చుని రెండోదాన్ని పలకరించాలి. ఉన్నావా అంటే అది ఉన్నా అనాలి. ఎంతసేపటికి అందో కూడా తెర మీద పడుతుంది. అనలేదంటే పాస్‌వర్డ్‌లో ఎక్కడో అక్షరం తప్పు కొట్టి ఉంటాం, లేకపోతే మధ్యలో ఏ ఇనప బీరువానో అడ్డం ఉంటుంది. అరగంటలో మా మూడూ ఒకదాన్నొకటి పలకరించుకున్నాయి.

గొడవ వచ్చింది వంటింటి కంప్యూటరు దగ్గరే. దాన్ని గుమ్మం పక్కన బల్ల మీద పెడదామనుకున్నాను, కూర ఉడికేలోపు పిల్లల హాజరు ఎక్కించుకోవచ్చని. ఆయన కాదు, పొయ్యికి అవతల కిటికీ పక్కన ఉండాలన్నారు. అక్కడ నూనె చింది పాడవుతుందని నెత్తీ నోరూ కొట్టుకున్నాను. సిగ్నల్ అక్కడైతే బాగుంటుందన్నారు. నాకా చెబుతున్నారు సిగ్నల్ సంగతి! కొలిచి చూపించాను, బల్ల మీదే బాగుంది. అయినా వినలేదు. స్టీలు డబ్బాల అలమర కూడా అవతలి గోడకు జరిపించారు. పోనీలే, ఎప్పుడూ ఏదీ అడగని మనిషి ముచ్చటపడుతున్నాడు కదా అని ఊరుకున్నాను.

ఆయన గదిలో ఒకటి, హాల్లో ఒకటి, కిటికీ పక్కన ఒకటి. కిటికీ పక్కదాన్ని మిగతా రెండింటితో కలుపుతూ గీతలు గీస్తే, అవి సరిగ్గా నేను పొయ్యి ముందు నిలబడే చోటు మీదుగా పోతాయని నాకు తట్టలేదు. సిగ్నల్‌కి అడ్డంగా మనిషి ఉండకూడదని పద్దెనిమిదేళ్ళుగా పాఠం చెబుతున్నదాన్ని. అడ్డంగా మనిషే కావాలనుకునేవాడు ఒకడుంటాడని, వాడు నా మొగుడే అయి ఉంటాడని ఎలా ఊహిస్తాను?

మా 'ఇద్దరి' గురించి కూడా చెప్పాలి. ఇద్దరంటే నేనూ ఆయనా కాదు. నాలుగేళ్ళ కిందట మేం పిల్లల కోసం చికిత్స చేయించుకున్న హాస్పిటల్లో మావి అయిదు పిండాలు తయారయ్యాయి. మూడుసార్లు, ఒక్కొక్కటి చొప్పున, నా కడుపులో పెట్టారు. మూడూ నిలవలేదు. మిగిలిన రెండింటినీ గడ్డకట్టించి చలిపెట్టెలో భద్రం చేశారు. డాక్టరమ్మ పిండాలు అన్నప్పుడల్లా నాకు ఒళ్ళు జలదరించేది. మా ఇంట్లో ఆ మాట తద్దినం నాడే వినపడుతుంది. అందుకని మేం 'ఇద్దరు' అనుకునేవాళ్ళం. ఏటా నవంబరులో హాస్పిటల్ నుంచి ఉత్తరం వచ్చేది, ఇంకో ఏడాది ఉంచమంటారా, వాడుకుంటారా, వదిలేయమంటారా అని. ఇద్దరూ బాగున్నారట అని నేను ఆయనకు చెప్పేదాన్ని. పాపం చలేస్తోందేమో అన్నారు ఒకసారి. ఆయన వేసిన హాస్యాలన్నిట్లో నాకు గుర్తున్నది అదొక్కటే.

మూడోసారి పోయాక ఆ సంగతి ముఖాముఖీ ఎత్తడం మానేశాం. ఎత్తితే నేను అరిచేదాన్ని, ఆయన తల దించుకుని కూర్చునేవారు, రెండు రోజులు ఇల్లు ఇల్లులా ఉండేది కాదు. దానికి మాకొక ఉపాయం దొరికింది. ఉపాయమని అనుకుని చేసింది కాదు, అలా అలవాటైపోయింది. సాయంత్రం ఆయన వంటింటి పక్క గదిలో పని చేసుకుంటారు. ఏసీ గది. చల్లదనం పోతుందని లోపల గడియ వేసుకుంటారు. ఆ గదికి వీధి మెట్ల వైపు ఇంకో తలుపు కూడా ఉంది కానీ, దాన్ని మేం వాడేది తక్కువ. అయిదింటికే కాఫీ ఇచ్చేస్తాను. ఇక తలుపు తట్టకుండా, ఇవతల వంట చేసుకుంటూ నేను మాట్లాడతాను. కాలేజీ సంగతులు, ప్రిన్సిపాల్ వేషాలు, వానకి కారిన ల్యాబ్ కప్పు, అన్నీ. ఆయన లోపలి నుంచి ఊఁ కొడతారు. ముఖం చూస్తే నోరు పెగలని మాటలు కూడా తలుపు అడ్డం ఉంటే వచ్చేసేవి. మూడోసారి పోయిన దుఃఖం గురించి నేను మొదట మాట్లాడింది ఆ తలుపుతోనే.

మా ఆయన ఊఁ మాత్రం మొదటినుంచీ అధ్వానం. గ్యాస్ అయిపోయిందన్నా ఊఁ, కొంప అంటుకుందన్నా ఊఁ. నేను సంగతంతా చెప్పేసి కూరలో ఉప్పు వేసుకుంటుంటే అప్పుడొచ్చేది ఒకటి, ఆలస్యంగా నడిచే ప్యాసింజరు బండిలాగా. గోడకి చెప్పుకున్నట్టుందని ఎన్నిసార్లు సణిగానో లెక్కలేదు.

ఆగస్టు నుంచి ఆయన మారిపోయారు. మాట మధ్యలో నేను ఊపిరి తీసుకోవడానికి ఆగితే అడ్డు రాకుండా ఊరుకునేవారు. ఇక మీ వంతు అన్నట్టు ఆగితే అప్పుడు ఊఁ అనేవారు. అందులో రకాలు కూడా వచ్చాయి. తర్వాతేమైంది అన్నట్టు పైకి లేచేది ఒకటి, నిజమే సుమా అన్నట్టు సాగేది ఒకటి, నెమ్మదిగా కిందికి దిగేది ఒకటి. ఒకరోజు ఆటపట్టిద్దామని కథ మధ్యలోనే అయిపోయినట్టు ఆపేశాను. లోపలి నుంచి 'ఊఁ?' అని వచ్చింది, ఇంకా ఉందిగా అన్నట్టు. పొయ్యి ముందు ఒక్కదాన్నే నిలబడి పకపకా నవ్వుకున్నాను. మర్నాడు స్టాఫ్ రూములో గొప్పలు పోయాను, మా ఆయనకి నలభై అయిదో ఏట చెవులొచ్చాయని.

ఎనిమిదింటికి గడియ తీసుకుని, కళ్ళు నులుముకుంటూ బయటికొచ్చేవారు. అన్నాల దగ్గర మాత్రం మామూలే, నోరు మెదిపేవారు కాదు. అంతసేపు వినీ వినీ అలిసిపోయి ఉంటారు పాపం అనుకుని ఇంకో గరిటె పప్పు వేసేదాన్ని. సిగ్గు విడిచి చెబుతున్నాను, పెళ్ళయ్యాక నేను హాయిగా ఉన్న రోజులంటే ఆ నాలుగు నెలలే.

ఆ ఏడాది ఉత్తరం నవంబరు రెండో వారంలో వచ్చింది. నాకు నలభై రెండు నిండాయి. అచ్చు అక్షరాల కింద డాక్టరమ్మ చేత్తో రెండు వాక్యాలు రాశారు, ఈ వయసులో ఇంకో ఏడాది ఆగడం మంచిది కాదని, మీరిద్దరూ మాట్లాడుకుని ఏదో ఒకటి తేల్చుకోమని. నాలుగు రోజులు ఆ కాగితాన్ని పోపుల డబ్బా కింద పెట్టి దాని చుట్టూ తిరిగాను. అయిదో రోజు సాయంత్రం బెండకాయలు తరుగుతూ తలుపు వైపు తిరిగి మొదలుపెట్టాను.

ఏం చెప్పానో అంతా ఇక్కడ రాయను. సూదుల గురించి చెప్పాను. మూడోది పోయిన రోజు నేను కాలేజీ నుంచి బస్సులో వస్తున్నానని, పక్కన కూర్చున్న ముక్కూ ముఖం తెలియని మనిషి నా చెయ్యి పట్టుకుని ఇంటిదాకా దిగబెట్టిందని చెప్పాను. అది అప్పటిదాకా ఆయనకి కూడా తెలియదు. మళ్ళీ ఆశ పెట్టుకోవాలంటే భయంగా ఉందని చెప్పాను. మధ్యమధ్యలో ఊఁ వస్తూనే ఉంది, ఎక్కడ కావాలో అక్కడ, ఒక్కటి కూడా గురి తప్పలేదు. ఎవరైనా అంత బాగా వింటుంటే మనిషి దాచుకోగలదా? చివరికి చాకు పక్కన పెట్టి అడిగాను.

"ఏమండీ, ఇద్దర్నీ వదిలేద్దామా?"

ఊపిరి బిగపట్టి నిలబడ్డాను. లోపల ఏసీ రొద తప్ప ఏమీ లేదు. చాలాసేపటికి, నెమ్మదిగా, కిందికి దిగుతూ వచ్చింది.

"ఊఁ."

ఆ పూట అన్నాల దగ్గర పెరుగుందా అని అడిగారు. అంతే, ఇంకో మాట లేదు. దుఃఖం దిగమింగుకుంటున్నారనుకున్నాను. నేనూ కదపలేదు. తేలాల్సింది తలుపు దగ్గరే తేలిపోయింది కదా.

తొమ్మిది రోజుల తర్వాత కాలేజీకి సెలవు పెట్టి ఒక్కదాన్నే హాస్పిటల్‌కి వెళ్ళాను. మొదట్లో మేమిద్దరం సంతకాలు చేసిన కాగితంలో, భార్యాభర్తలు మాట్లాడుకున్నాక ఎవరొక్కరు వచ్చి చెప్పినా చాలని ఉంది. డాక్టరమ్మ ఆ కాగితం తీసి, కళ్ళజోడు పైనుంచి నన్ను చూశారు. మీవారితో మాట్లాడారా అని అడిగారు. మాట్లాడానండి, సరే అన్నారు అని చెప్పాను. ఆ మాట అంటున్నప్పుడు నాకు ఇసుమంత అనుమానం కూడా లేదు. సంతకం పెట్టాను. వారానికి, పని పూర్తయిందని అరచేతి వెడల్పు కాగితం ఒకటి పోస్టులో వచ్చింది. దాన్ని మడిచి చేతిసంచిలో పెట్టుకుని, ఆ సాయంత్రం తలుపు దగ్గర నిలబడి, అయిపోయిందండీ అని చెప్పాను. ఊఁ అని వచ్చింది.

డిసెంబరు మూడో వారంలో ఆయన ల్యాబ్‌లో ప్రదర్శన పెట్టారు. ఇంట్లోవాళ్ళని కూడా పిలవమన్నారట. తన పని చూడడానికి రమ్మని ఆయన నన్ను అడగడం అదే మొదలు. నేను ఇస్త్రీ చేసిన చొక్కా వేసుకుని ఉదయమే వెళ్ళిపోయారు. పదిన్నరకి నేను వెళ్ళేసరికి, ఆయన దగ్గర పని చేసే పరిశోధకురాలు ఫర్హానా ఎదురొచ్చి నన్ను ముందు వరసలో కూర్చోబెట్టింది. ఇరవై ఆరేళ్ళ పిల్ల, చురుకైనది, నవ్వుముఖం.

వేదిక మీద మూడు మూలలా మూడు కంప్యూటర్లున్నాయి. మధ్యలో కుర్చీలో ఒక ముసలాయన. పేరు అప్పలకొండ, యానాం వైపు లాంచీ నడిపేవాడట. మూడేళ్ళ కిందట పక్షవాతం వచ్చిందని, అప్పటినుంచి రెండు ముక్కలు దాటి పలకలేడని, ఆయన భార్య మైకు దూరంగా పట్టుకుని చెప్పింది.

మా ఆయన లేచి రెండే రెండు నిమిషాలు మాట్లాడారు. మనిషి మాట ఆపడానికి రెండు కారణాలుంటాయన్నారు. ఊపిరి కోసం ఆగుతాం, ఊఁ కోసం ఆగుతాం. చెవికి రెండూ ఒకేలా వినిపిస్తాయి, గుండెల్లో మాత్రం తేడా ఉంటుంది. చెప్పాల్సింది మిగిలి ఉంటే గుక్కెడు గాలి పీలుస్తాం, అయిపోతే ఉన్నదంతా వదిలేస్తాం. రెండు కంప్యూటర్ల మధ్య వైర్‌లెస్ తరంగాలకు అడ్డంగా మనిషి ఉంటే, వాడి ఛాతీ వెంట్రుకవాసి కదిలినా ఆ సిగ్నల్ వణుకుతుంది. ఆ వణుకుని చదివి, సరైన క్షణంలో ఊఁ కొట్టే యంత్రం ఇది. మాట పడిపోయినవాళ్ళకి కావలసింది పాఠాలు కాదు, ఓపిగ్గా వినేవాళ్ళు అని ముగించారు. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. మా కిటికీ పక్కన కంప్యూటరు గుర్తొచ్చి చేతులు కొంచెం నెమ్మదించాయి కానీ, ఛీ, అన్నిటికీ అనుమానమేనా అని నన్ను నేనే తిట్టుకున్నాను.

అప్పలకొండ 'గోదారి' అని ఆగిపోయాడు. దవడ వణుకుతోంది. స్పీకరులోంచి మెల్లగా ఊఁ అని వచ్చింది. "గోదారి పోటు మీదుంది" అన్నాడు. ఊఁ. "లాంచీ నిండా జనం." ఊఁ? "ఇంజను ఆగిపోనాది." అలా ఒక్కొక్క మెట్టే దిగుతున్నట్టు పదకొండు నిమిషాలు మాట్లాడాడు. ఆయన భార్య కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. నా పక్కాయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. నేనూ ఏడవాల్సిందే, మంచి పని జరిగితే నాకు కన్నీళ్ళు ఆగవు. కానీ అప్పటికి నేను ముసలాయన మాట వినడం మానేశాను. ఊఁ వింటున్నాను.

అది మా ఆయన గొంతు. ముక్కులో మొదలై, చివర గుటక వేసినట్టు ఆగే ఊఁ. వెయ్యిమందిలో పోల్చుకుంటాను. ఆయనేమో వేదిక మీద, చేతులు కట్టుకుని, పెదవులు మూసుకుని నిలబడి ఉన్నారు.

టీ తాగడానికి అందరూ లేచినప్పుడు ఫర్హానా కప్పు పట్టుకుని నా దగ్గరికొచ్చింది. అసలు చప్పట్లు మీకు కొట్టాలి మేడమ్ అంది. ల్యాబ్‌లో కూర్చోబెట్టి మాట్లాడమంటే ఎవరూ మామూలుగా మాట్లాడరట, యంత్రం వింటోందని తెలిస్తే ఊపిరే మారిపోతుందట. తన ఇంట్లో మాట్లాడే మనిషి ఉందని సర్ చెప్పేదాకా మూడేళ్ళుగా పని ముందుకే సాగలేదట. నూట తొంభై గంటలు మేడమ్, అంత ఓపిగ్గా రోజూ ఎవరిస్తారండి అంది. నాకు తెలుసనే అనుకుంటోంది ఆ పిల్ల. కళ్ళల్లో కృతజ్ఞత తప్ప ఏమీ లేదు.

నేనెప్పుడు ఒప్పుకున్నానని అడిగాను, గొంతు మామూలుగా ఉంచుకుని.

"జులైలోనండి. సర్ అంతా వివరంగా చెప్పి అడిగితే, మీరు ఊఁ అన్నారని రాసుకున్నాం కదా."

జులైలో ఒక పొద్దున్న నేను నోట్లో పిన్నులు పెట్టుకుని జడ వేసుకుంటుంటే, బస్సు తప్పిపోయే వేళకి, ఆయన వెనకాల నిలబడి ల్యాబ్ గురించి ఏదో గొణిగారు. ఊఁ అన్నాను. వింటున్నానని కూడా కాదు, తప్పుకోండి బస్సుకి టైమైంది అని. అది ఆయనకి తెలుసు. నా ఊఁ ఏ రకమో ఈ భూమ్మీద ఆయనకి కాకపోతే ఎవరికి తెలుస్తుంది?

నవంబరు రికార్డు చూపించమన్నాను. తారీకు చెప్పాను, సాయంత్రం ఆరూ నలభై అని కూడా చెప్పాను. ఫర్హానా సంతోషంగా పక్క గదిలోకి తీసుకెళ్ళి కంప్యూటరు ముందు కూర్చోబెట్టింది. తెర మీద పొడుగాటి అల పరుచుకుంది. అది నా ఊపిరట. మాటలుండవు మేడమ్ అని భరోసా ఇచ్చింది, మైకు మాట సాగుతోందా ఆగిందా అన్నదే చూస్తుంది, ఒక్క మాట కూడా దాచదు, అది సర్ పెట్టిన నియమం అంది. అల కింద ఊఁ వచ్చిన చోటల్లా ఒక గుర్తు, దాని పక్కన అక్షరం. ఆగస్టు అంతా 'త్రి' అని ఉంది. ఆ నెలంతా నిజంగానే విన్నాడన్నమాట మహానుభావుడు. యంత్రానికి నేర్పడానికి. సెప్టెంబరులో 'త్రి', 'యం' రెండూ ఉన్నాయి. ఆ నెల పదో తారీకు దాటాక అన్నీ 'యం'.

"యం అంటే?"

"యంత్రం మేడమ్."

"మరి మా ఆయన?"

ఫర్హానా ముఖంలో నవ్వు ఆగింది. "సర్ ఆ టైముకి ఇక్కడుంటారండి. రోజూ ఆరింటికి వచ్చి, ఏడున్నరకి..." అని నా ముఖం చూసి మాట మింగేసింది.

గదికి వీధి మెట్ల వైపు తలుపుంది కదా. అటునుంచి వెళ్ళి, అటునుంచే వచ్చి, ఎనిమిదింటికి గడియ తీసుకుని కళ్ళు నులుముకుంటూ నా ఎదురుగా వచ్చి కూర్చునేవాడు. మూడు నెలలు. నేను పప్పు వడ్డించాను.

ఆరూ యాభై దగ్గర అల ఆగిపోయి ఉంది. ఎగుడూ దిగుడూ లేని చదునైన గీత. ఇదేమిటని అడిగాను. ఆ పిల్ల భయపడుతూనే చెప్పింది. మీరు పదకొండు సెకన్లు ఊపిరి తీసుకోలేదండి, ఇలాంటిది యంత్రం ఎప్పుడూ చూడలేదు, ఏం చేయాలో దానికి తెలియలేదు, అలాంటప్పుడు అది ఎక్కువసార్లు వాడిన ఊఁనే వాడుతుంది అంది. ఆ కిందికి దిగే ఊఁకి అర్థమేమిటన్నాను. మేం రాసుకున్న అర్థం, వింటున్నాను చెప్పండి అని, అంతేనండి అంది.

వింటున్నాను, చెప్పు. నేను దాన్ని సరే అని విన్నాను.

అప్పుడే త్రినాథ్ గారు గదిలోకొచ్చారు. ఆయన ముఖం అంతగా వెలగడం మా పెళ్ళినాడు కూడా నేను చూడలేదు. తెర వైపు చూడనైనా లేదు. ఫర్హానా ఉందన్నది కూడా పట్టించుకోకుండా నా రెండు చేతులూ పట్టుకున్నారు.

"హైమా, ఇక నాకు తీరికే. జనవరిలో హాస్పిటల్‌కి వెళ్దాం. ఇద్దర్నీ తెచ్చేసుకుందాం. ఇంకో ఏడాది అలా చలిలో ఉంచొద్దు."

ఫర్హానా చప్పుడు చేయకుండా బయటికి వెళ్ళి తలుపు దగ్గరగా వేసింది.

"తెచ్చుకోవడానికి లేరండీ" అన్నాను.

చేతిసంచిలోంచి ఆ చిన్న కాగితం తీసి ఇచ్చాను. చదివారు. మళ్ళీ చదివారు. నాతో చెప్పకుండానా అన్నారు. చెప్పాను అన్నాను, తెర మీద తారీకు చూపించాను. అంతకంటే వివరించాల్సిన పని లేకపోయింది. ఆయన కనిపెట్టిన యంత్రమే కదా, ఏం జరిగిందో నాకంటే ముందు ఆయనకే అర్థమైంది.

ఏదేదో మాట్లాడారు. మొదట నాలుగు రోజులే అనుకున్నారట. తర్వాత చెబుదామంటే, తెలిస్తే నేను మామూలుగా మాట్లాడనేమో అని భయమేసిందట. ప్రదర్శన అయ్యాక నవ్వుతూ చెప్పేద్దామనుకున్నారట. మూడేళ్ళ తర్వాత ఆ ముసలాయన పెళ్ళాంతో మాట్లాడాడు హైమా, నువ్వే చూశావుగా అన్నారు. చూశాను. మాట్లాడాడు, నూరేళ్ళు మాట్లాడాలి. దానికి నా ఊపిరి కావాలంటే ఎదురుగా కూర్చుని అడిగితే ఇచ్చేదాన్ని. ఇవ్వను అంటానని ఎందుకనుకున్నారు అని అడిగాను. నేను ఎవరికీ చెప్పని మాటలు ఖాళీ గదికి చెప్పుకున్నానండీ అన్నాను. మూడు నెలలు నన్ను పిచ్చిదాన్ని చేశారు, నేనేమో మీకు చెవులొచ్చాయని ఊరంతా చాటుకున్నాను. ఏడవకూడదనుకున్నాను కానీ ఏడ్చాను.

ఆయన డాక్టరమ్మకి ఫోన్ చేస్తానన్నారు. చేయమన్నాను. పని పూర్తయింది అన్న మాట ఆ కాగితం మీద మళ్ళీ చూసి ఫోన్ జేబులో పెట్టేశారు.

ఆ తర్వాత తెర ముందు వంగి, నా ఊపిరి అల మీద వేలు పెట్టి నెమ్మదిగా జరుపుకుంటూ వచ్చారు. ఇక్కడ ఏమన్నావు అని అడిగారు. నేను చెప్పలేదు. ఇక్కడ గుక్క తిప్పుకోలేదు నువ్వు, ఇక్కడేం చెప్పావు హైమా, చెప్పు, ఇప్పుడు వింటాను అన్నారు. నా దగ్గర లేవండీ అన్నాను. నిజంగానే లేవు. ఆ మాటలు నా నోట ఒక్కసారే వచ్చాయి, వాటిని దాచకూడదన్న నియమం పెట్టింది ఆయనే.

వేలు చదునైన గీత దగ్గరికొచ్చి ఆగింది. అక్కడ నేనేం అడిగి ఉంటానో ఆయనకి ఎవరూ చెప్పనక్కర్లేదు.

"నేనుంటే వద్దనేవాణ్ణి" అన్నారు. "ఒట్టు హైమా, నేనే గనక లోపలుంటే వద్దనేవాణ్ణి."

"తెలుసు" అన్నాను. "మీరు వద్దంటారనే అడిగాను."

ఆ పదకొండు సెకన్లూ, గడియ తీస్తారేమోనని తలుపు వంకే చూస్తూ నిలబడ్డాను.